ముక్కాలిపీట తిన్న దెబ్బలు

నేను ఒక ముక్కాలిపీటను. పుట్టి ముప్ఫై అయిదేళ్ళయింది. ఇంతవరకు ఒక్క మనిషిని కూడా కింద పడెయ్యలేదు. ఈ మాట మొదటే ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో అడిగితే దీనికి సరిగ్గా వ్యతిరేకం చెబుతారు.

నన్ను చేసినవాడు రేపల్లె వడ్రంగి బ్రహ్మయ్య. తలుపులు చేయగా మిగిలిన వేపచెక్కతో, భోజనానికి లేచేలోపు చేసేశాడు. "మూడు కాళ్ళది ఏ నేల మీదైనా నిలబడుద్దమ్మా, ఊగదు" అంటూ మా ఇంటి కొత్త కోడలు సామ్రాజ్యానికి ఇచ్చాడు. ఆయన చెప్పింది నిజం. నాలుగు కాళ్ళ కుర్చీలు నున్నటి గచ్చు మీద కూడా ఒక కాలు ఎత్తి టకటకమంటాయి. అయినా వచ్చినవాళ్ళకు వేసేది వాటినే. నా చోటు వంటింట్లో.

సామ్రాజ్యం నా మీద కూర్చుని కూరలు తరిగింది. కొడుకును కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది. ఆ కొడుక్కు నడక వచ్చాక నా కష్టాలు మొదలయ్యాయి. ఒకరోజు వాడు నాకు తగిలి పడ్డాడు. నేను గోడ పక్కన కదలకుండా ఉన్నాను. వెనక్కి చూస్తూ పరిగెత్తుకొచ్చింది వాడు. సామ్రాజ్యం వాణ్ణి ఎత్తుకుని, "ఇదేనా మా నాన్నను కొట్టింది? దీని పని చెబుతానుండు!" అని నా నెత్తిన రెండు వేసింది. వాడు ఏడుపు ఆపి నవ్వాడు. పిల్లల ఏడుపుకు ఈ మనుషులకు తెలిసిన మందు ఇదే. పడేది ఒకరు, తన్నులు తినేది ఇంకొకరు.

ఇప్పుడు వాడికో కూతురు, మోక్షిత. రెండేళ్ళ మూడు నెలలు. తండ్రి పరిగెత్తేవాడు, ఈ పిల్ల ఎక్కుతుంది. నన్ను రెండు చేతులా పట్టుకుని గరగరమని ఇల్లంతా ఈడుస్తుంది. ఫ్రిజ్ దగ్గరికి, టీవీ బల్ల దగ్గరికి, దేవుడి అలమర దగ్గరికి. ఒకసారి నా మీద నుంచి బియ్యం డబ్బాలోకి దిగి కూర్చుంది. తల్లి ప్రశాంతి దొడ్డంతా వెతికి వచ్చేసరికి, లోపల్నుంచి బియ్యం గుప్పిళ్ళతో పైకి విసురుతోంది.

పడినప్పుడల్లా నానమ్మ పరుగున వచ్చేది. "పీట చెడ్డది, కొట్టు! ఇంకోటి వెయ్యి!" మొదట్లో పిల్ల అరచేత్తో కొట్టేది. తర్వాత గరిటె తెచ్చుకుంది. ఆ గంట్లు నా అంచున ఇప్పటికీ ఉన్నాయి, కావాలంటే చూడండి.

"అత్తయ్యా, పీటనెందుకు కొట్టిస్తారు? ఎక్కొద్దని పిల్లకి కదా చెప్పాలి" అంది ప్రశాంతి ఒకసారి.

"పసిదానికేం తెలుసమ్మాయ్" అంది సామ్రాజ్యం.

పసిదానికి తెలియదట. పీటకు తెలియాలట.

ఒక మంగళవారం పొద్దున ప్రశాంతి పొయ్యి మీద పాలు పెట్టి, దొడ్లో బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళింది. సామ్రాజ్యం వాకిట్లో తోటకూర కట్టలు ఏరుకుంటోంది. మోక్షిత నన్ను వంటింటి తలుపు దగ్గరకు లాగి, ఎక్కి, లోపలి గడియ పెట్టేసింది. దిగబోతూ కూలబడి, బేరుమంది.

సామ్రాజ్యం వచ్చి తలుపు తోసింది. రాలేదు. సంగతి ఆలోచించేలోపే నోరు అలవాటుగా పలికింది. "పడ్డావా తల్లీ? ఆ పీటేనా? తన్ను దాన్ని! దాని జోలికి పోమాక ఇంక!"

పుట్టాక మొదటిసారి ఆ పిల్ల వద్దన్న మాట విన్నది. నన్ను ఒక్క తన్ను తన్ని, దూరంగా పోయి కూర్చుంది.

పాలు పొంగాయి. మంట ఆరిపోయింది. గ్యాసు మాత్రం బుస్సుమని వస్తూనే ఉంది. వాసన తగిలి ప్రశాంతి దొడ్డివైపు కిటికీ దగ్గరకు పరిగెత్తింది. ఊచల్లోంచి చెయ్యి దూర్చింది కానీ పొయ్యి అందలేదు. "అత్తయ్యా, గ్యాసు! గడియ తియ్యమనండి!"

"మోక్షీ, పీటెక్కి గడియ తియ్యి తల్లీ!"

"ఎక్కను. పీట కొత్తుద్ది."

"కొట్టదమ్మా!"

"చెద్దది. నువ్వే చెప్పావ్."

తలుపు సందులోంచి సామ్రాజ్యం గొంతు వచ్చింది. "నేను అబద్ధం చెప్పాను తల్లీ. పీట మంచిది. అది నిన్ను పడెయ్యలేదు. మీ నాన్ననీ పడెయ్యలేదు. తప్పంతా నాది. కొడితే నన్ను కొట్టు. గడియ తీసి వచ్చి కొట్టు."

"నిన్ను కొత్తనా?"

"కొట్టు! గరిటె తెచ్చుకుని మరీ కొట్టు!"

పిల్ల ఏడుపు ఆగింది. గరిటె వెతుక్కుని నా మీదికెక్కింది. ముప్ఫై అయిదేళ్ళలో నేను అంత గట్టిగా ఎప్పుడూ నిలబడలేదు. గడియ టక్కుమంది. సామ్రాజ్యం తలుపు కొంచెం తెరిచి, సందులోంచి చెయ్యి పెట్టి పిల్లను లాక్కుంది. ప్రశాంతి దొడ్లోంచి వచ్చి పొయ్యి కట్టేసింది. ఎవరికీ ఏమీ కాలేదు.

వాకిట్లో పిల్ల గరిటె ఎత్తి, "నానమ్మా, వంగు" అంది. సామ్రాజ్యం వంగింది. ఆ దెబ్బ చప్పుడు నాకు లోపలికి వినబడింది. బాధపడ్డానని అనలేను.

మర్నాడు గడియ ఊడదీయించారు. నన్ను తడిగుడ్డతో తుడిచి, "పాపం, మంచి పీట" అంటూ అటకెక్కించారు. తప్పు నాది కాదని తేలాక కూడా శిక్ష నాకే!

అటక మీద నుంచి అన్నీ కనబడతాయి. వారం తిరగకముందే పిల్ల ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు బోర్లించి ఎక్కింది, ధబ్బున పడింది. సామ్రాజ్యం పరిగెత్తుకొచ్చి చెయ్యెత్తింది. బకెట్టు వైపు చూసింది. తలెత్తి నా వైపు చూసింది. చెయ్యి దించి, "ఎందుకెక్కావే దీన్ని?" అంది పిల్లతో.

పిల్ల చాలాసేపు ఏడ్చింది. బకెట్టుకు మాత్రం ఒక్క గంటు పడలేదు. అది ఊగుతుంది, దానికసలు కాళ్ళే లేవు, ఇంటికొచ్చి నెల కూడా కాలేదు. ముప్ఫై అయిదేళ్ళు దెబ్బలు తిని నేను సంపాదించిన న్యాయం దానికి దక్కింది.