పొట్టు కుప్ప

వేసవి ముగిసేదాకా ఆరుబయట ఎవరూ మంట పెట్టకూడదని మైకులో చెబుతూ వీధివీధీ తిరిగింది చెల్లెలే. ఫైర్ స్టేషన్‌లో ఆమె ఉద్యోగం అది. ఆఖరి వీధి చివర, ఎండుగడ్డి వాలుకి ఆనుకుని ఉన్న వడ్రంగి షెడ్డు వెనక పొగ కనిపించగానే ఆమెకు ఒళ్ళు మండింది. ఆ షెడ్డు సొంత అన్నయ్యది.

“మైకు నీ చెవిన పడలేదా అన్నయ్యా?”

“పడింది. రంపప్పొట్టు మోకాలి లోతు చేరింది. నెత్తిన పెట్టుకోమంటావా?”

వాలు మీద రేకుల ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలాయన, ఒకప్పటి బస్సు డ్రైవరు, కిటికీలోంచి నవ్వాడు. “రాసెయ్యమ్మా జరిమానా! వీడి పొగ పిలవని చుట్టంలా రోజూ మా ఇంటికే వస్తోంది.”

చెల్లెలు జరిమానా రాయలేదు. దగ్గరుండి అన్నయ్య చేత బిందెలతో నీళ్ళు పోయించింది. కుప్ప బుస్సుమని నల్లబడింది. ఇక దాన్ని తిరగేసి, అడుగు బూడిదకి చెయ్యి ఆనించి చూశాకే కదలాలన్నది స్టేషన్ నియమం. ఆమె పార అందుకునేలోగా వదిన కేకేసింది.

“అన్నం చల్లారిపోతోంది, అన్నాచెల్లెళ్ళు లోపలికొస్తారా రారా?”

చెల్లెలు పార గోడకి చేరేసి చేతులు కడుక్కుంది.

పొట్టు లోలోపల రాజుకుంటూనే ఉంది. మర్నాడు మధ్యాహ్నం గాలి లేచింది. ఫైరింజను వచ్చేసరికి వాలంతా అంటుకుంది. అన్నయ్య రేకుల ఇంటి వైపు పరుగెత్తాడు. సగం దారిలో కాలుతున్న గడ్డిలో పడి, లేచి, వెనక్కి వచ్చేశాడు. రెండు అరచేతుల చర్మం ఊడిపోయింది. డ్రైవరు బయటికి రానేలేదు.

విచారణలో అన్నయ్య కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పాడు. “మంట పెట్టింది నేను. ఆరిందనుకున్నదీ నేనే. స్టేషన్ నుంచి ఎవరూ రాలేదండి.”

చెల్లెలు లేచి నిలబడింది. “నేను వెళ్ళాను సార్. ఆరిందో లేదో చూడకుండా భోజనానికి కూర్చున్నాను.”

ఆమె ఉద్యోగం ఆ పూటే పోయింది. అన్నయ్య మీద కేసు అలాగే ఉంది.

వరండాలోకి రాగానే వదిన భోరుమంది. అన్నయ్య పళ్ళు బిగించాడు. “నోరు మూసుకుని కూర్చోలేకపోయావా? ఈ చేతులు ఇక ఉలి పట్టవని డాక్టరు చెప్పేశాడు. నీ జీతమైనా మిగులుతుందనే కదే అబద్ధమాడాను!”

“మళ్ళీ మైకు పట్టుకుని ఆ వీధిలో ఏ మొహంతో తిరగను అన్నయ్యా?”

ఆయన జవాబు చెప్పేలోగా డ్రైవరు కూతురు విచారణ గదిలోంచి వచ్చి వాళ్ళ ముందు ఆగింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది.

“ఒక్క మాట చెప్పండి. మా నాన్న ఎవర్నైనా పిలిచాడా?”

చెప్పొద్దన్నట్టు వదిన భర్త భుజం పట్టుకుంది. ఆయన భుజం విడిపించుకున్నాడు.

“పిలిచాడమ్మా. నన్నే. వినపడుతూనే ఉంది. అయినా వెనక్కి తిరిగాను.”

ఆమె గోడ పట్టుకుని అక్కడే కూలబడింది. చెల్లెలు వెళ్ళి పక్కన కూర్చుంది. ఆమె వద్దనలేదు. ఇటు తిరిగి చూడనూ లేదు.