ఇరవై అంకెల దాకా

నేను ఒక రబ్బరు పట్టీని. రక్తం తీసే ముందు మోచేతి పైన బిగించి కడతారే, అదే నేను. చెట్టు నుంచి పాలుగా కారినప్పుడు మెత్తగా ఉండేదాన్ని. ఉడికించి, సాగదీసి, మూరెడు ముక్కగా కోసి కాకినాడలో ఓ ఆసుపత్రి ల్యాబుకు తోలేశారు. నన్ను చూసి జనం భయపడతారని అందరికీ తెలుసు. నేనూ హడలిపోతానని ఎవరికి తెలుసు?

ఈ భయం ఇందుమతితో పట్టుకుంది. పదిహేనేళ్ళ పిల్ల, ఆటిజం ఉంది, మూర్ఛలకు మందు వాడుతోంది. ఎవరైనా ఏదైనా అంటే అది అన్నట్టే జరగాలి. మొదటిసారి వచ్చినప్పుడు ల్యాబు వీర్రాజు అందరు పిల్లలకూ చెప్పేదే చెప్పాడు.

“పది లెక్కెట్టమ్మా, అయిపోద్ది.”

బుద్ధిగా లెక్కపెట్టింది. పది దాటినా సూది లోపలే ఉంది, నేను బిగుసుకునే ఉన్నాను. “పది అయింది! పది అయింది!” అని కేకలు పెట్టి చెయ్యి లాక్కుంది. నలుగురు కలిసి అదిమిపట్టారు. వీర్రాజుకేం, టీ తాగి మర్చిపోయాడు. ఆ కేకలు నన్ను మాత్రం వదల్లేదు.

ఏడాదిపాటు ఆ పిల్ల ఆసుపత్రి గడప తొక్కలేదు. ఈలోగా మూర్ఛలు వారానికి మూడుసార్లు రాసాగాయి. రక్తపరీక్ష లేనిదే మందు మార్చనని డాక్టరు తేల్చేశాడు.

వీర్రాజు బదిలీ అయ్యాక వచ్చిన కనకరత్నం, నన్ను స్పిరిటుతో తుడిచి ఇందుమతి తల్లి మంగతాయారు చేతిలో పెట్టింది. “ఇంటికి తీసుకెళ్ళండమ్మా. రోజూ ముందు మీరు కట్టుకోండి. పాపకి ఇష్టమైతేనే పాపకి.”

మంచం కోడుకి కట్టారు, తల్లి చేతికి కట్టారు. తొమ్మిదో రోజున ఆ పిల్లే తన చేతికి చుట్టుకుంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

పదో రోజు పొద్దున్నే, జనం రాకముందే వెళ్ళాం.

“పదికి అవ్వదు పాపా, అబద్ధమెందుకు? ఇరవై. అప్పటికీ అవ్వకపోతే ఇప్పేస్తాను. ఒట్టు,” అంది కనకరత్నం.

సూది దిగింది. నరం జారిపోయింది. పదహారు... పదిహేడు... గొట్టంలో చుక్క లేదు. ఇక ‘ఒక్క నిమిషం’ అంటారు చూడండి, మనుషుల నిమిషాలు నాకు తెలియనివా!

“కాస్త ఆగండమ్మా, వస్తుందేమో!” అని తల్లి బతిమాలింది.

“ఇరవై,” అంది ఇందుమతి.

కనకరత్నం సూది తీసేసింది. నన్ను విప్పేసింది. మంగతాయారు ఖాళీ గొట్టాన్ని చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇక ఈ పిల్ల మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కదు, మందు మారదు అనుకుని నేను కుదేలైపోయాను.

ఇందుమతి నన్ను తీసి రెండో చేతి మీద వేసుకుంది.

“మళ్ళీ ఇరవై.”

ఈసారి పదమూడుకే గొట్టం నిండింది. నన్ను వదులు చేసి, సూది తీసి, దూది పెట్టారు. ఆ పిల్ల మాత్రం లెక్క ఆపలేదు. మిగిలిన ఏడు అంకెలూ ముగ్గురూ కలిసి పూర్తిచేశారు.

ఇప్పుడు నేను ఇందుమతి సంచిలోనే ఉంటున్నాను. ఆరునెలలకోసారి ఆసుపత్రికి వెళ్తాం. నాకిప్పటికీ భయమే. ఇరవై దాకా.