భయం వేయలేదని చెప్పినామె

కార్ల గురించి నాకు తెలిసిందల్లా ఒకటే. డోరు గట్టిగా వేస్తే డ్రైవర్లకు కోపమొస్తుంది. మిగతాదంతా ఎర్రకారు, తెల్లకారు. మా ఆయన సినిమా షూటింగుల్లో కార్లు తోలతాడు, మా పెళ్ళయి పదకొండేళ్ళయింది, అయినా నా జ్ఞానం అక్కడే ఆగిపోయింది. ఆయన చెప్పేదీ అంతే. "అటున్న బండి ఇటు, ఇటున్నది అటు పెడతాను," అనేవాడు. నేను కర్టెన్లు కుట్టే షాపులో రోజంతా మిషను తొక్కుతాను. మీ పనికన్నా నా పనే ప్రమాదం, సూది వేల్లో దిగుతుందని ఆయన్ని దెప్పేదాన్ని కూడా.

మా అక్క ఎడిటింగ్ ఆఫీసులో పనిచేస్తుంది. ఒక మధ్యాహ్నం నేరుగా షాపుకే వచ్చింది.

"ఓ సినిమా చూసిపెట్టవే, నీకు పుణ్యముంటుంది. కార్ల రేసుల సినిమా. కార్లంటే ఆసక్తి లేనివాళ్ళు ఇరవైమంది కావాలన్నారు. పంతొమ్మిదిమందే దొరికారు."

"మా ఆయన పనిచేస్తున్న సినిమాయే కదా?"

"ఆ ముక్క అక్కడ అనకు. పనిచేసేవాళ్ళ ఇంట్లోవాళ్ళని రానివ్వరు. మొహమాటానికి బాగుందంటారని."

చిన్న హాలు. డైరెక్టరు ముందుకొచ్చి నించున్నాడు. "కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు ఎలాగూ చూస్తారు. నాకు కావాల్సింది మీరు. ఇంకా వారం షూటింగ్ మిగిలుంది, మీరేమంటారో దాన్నిబట్టి మారుస్తాం," అన్నాడు. తలా ఒక కాగితం, పెన్సిలు, రబ్బరు ఇచ్చారు.

ఒట్టేసి చెబుతున్నాను, సినిమా బాగుంది. కొడుకు రేసులు మానలేదని తల్లి వాడితో మాటలు మానేస్తుంది. రేసు రోజున మాత్రం రేడియో దగ్గర్నుంచి కదలదు. ఇంజను గోల నాకెందుకు? ఆవిడ చేతిలో గిన్నె పట్టుకుని అలా వింటూ ఉండిపోతే నేనూ ఊపిరి బిగబట్టాను.

చివరి రేసులో స్టీరింగ్ మీదున్న కుడిచేతిని దగ్గరగా చూపించారు. నల్లటి తోలు గ్లవుజు, బొటనవేలి పక్కన ఆకుపచ్చ దారంతో కుట్టు. ఆ కుట్టు నాది. ఆయన తన గ్లవుజు చిరిగిందని తెచ్చిన రోజు నల్లదారం అయిపోతే, ఎవరు చూడొచ్చారులే అని చేతికందిన దారంతో కుట్టిచ్చాను.

మరుక్షణం ఆ కారు గోడ అంచుకు తగిలి గాల్లోకి లేచింది. పల్టీ కొట్టి బోర్లా పడి రాసుకుంటూ పోయింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. పొద్దున్నే ఆయన నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగాడు, నాకు తెలుసు. తెలిసినా ఒళ్ళంతా చల్లబడిపోయింది. రెండు నెలల కిందట ఆయన భుజం కమిలిపోయి వచ్చాడు. ఏమైందంటే స్టూలు మీంచి పడ్డానన్నాడు. అప్పుడు నేను పడీపడీ నవ్వాను.

లైట్లు వేశారు. కాగితం మీద మొదటి ప్రశ్న: కార్లంటే ఆసక్తి లేని మీకు ఈ సినిమా నచ్చిందా? రెండోది: కారు పల్టీ కొట్టినప్పుడు భయం వేసిందా, పదికి ఎన్ని మార్కులు?

నా బుర్ర చకచకా పనిచేసింది. వారం షూటింగ్ ఉందన్నాడు. బాగుందంటే ఇలాంటివే ఇంకా తీస్తారు. మా షాపులో నలుగురు నచ్చలేదన్న గుడ్డని మళ్ళీ తెప్పించరు. ఇదీ అంతే, నచ్చలేదంటే రేసులు కోసి పారేస్తారు, మా ఆయన క్షేమంగా ఇంటికొస్తాడు. రెండో ప్రశ్న పక్కన ఒకటి వేశాను.

"మీరు చెప్పండమ్మా," అన్నాడు డైరెక్టరు.

"రేసులు వస్తే నిద్రొచ్చిందండి. ఆ కారు పడ్డప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. అవి తీసేసి తల్లీకొడుకులని ఉంచండి, చాలు."

నా పక్కనున్న పెద్దమనిషి అప్పటిదాకా నోరు తెరుచుకుని చూసినవాడే, "నిజమే, అంత భయమేం లేదు," అన్నాడు. వెనకనుంచి ఇంకొకరు అవునన్నారు. నలుగురిలో భయపడ్డానని ఎవరు ఒప్పుకుంటారు? హాలంతా కాగితాల మీద రబ్బర్లు రుద్దుతున్న చప్పుడు.

గండం గడిచిందనుకుని ఇంట్లో ఆయన్నేమీ అడగలేదు. రెండోరోజు సాయంత్రం ఆయనకు ఫోనొచ్చింది. పెట్టేసి హుషారుగా నావైపు తిరిగాడు.

"గురువారం మళ్ళీ రమ్మన్నారు. ట్రయల్ చూసినవాళ్ళకి భయం వేయలేదట, ఒక సీను మళ్ళీ తీస్తారట. ఎవరో ఒకామె నిద్రొచ్చిందని కూడా అందట. ఏం గుండె బాబూ అది!"

"ఏ సీను?"

"ఏదో కారు సీనులే."

"ఒక పల్టీ చాల్లేదా? ఇప్పుడెన్ని?"

ఆయన మొహంలో నవ్వు పోయింది.

"ఆమె నేనే," అన్నాను.

ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తర్వాత, "మూడు," అన్నాడు.

నా చేత్తో నేనే ఆయన్ని ఆ కార్లో కూర్చోబెట్టాను.

"నిజంగా భయం వేయలేదా నీకు?" అన్నాడు మెల్లగా.

ఆ రోజు హాల్లో కుర్చీ చెయ్యి పట్టుకుని విరగ్గొట్టుకున్న గోరు చూపించాను. ఆయనకి సంతోషం ఆగలేదు. చాచి ఒక్కటివ్వాలనిపించింది.

"మానేయండి."

"నేను మానేస్తే కొత్త కుర్రాణ్ణి కూర్చోబెడతారే. వాడికి పెళ్ళయి ఆర్నెల్లు."

అక్కకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను, డైరెక్టరుకి చెప్పమన్నాను. గంటలో మళ్ళీ తనే చేసింది. "చెప్పానే, నాకు చీవాట్లు పడ్డాయి. ఇంటామె మాట లెక్కలోకి రాదని నీ కాగితం తీసేశాడు. కానీ మిగతా పంతొమ్మిదిమందీ నీ మాటే రాశారు."

గురువారం నేనూ వెళ్ళాను. అంతకుముందే రెండు గ్లవుజులూ ఆకుపచ్చ దారంతో దిట్టంగా కుట్టాను. అక్కడ అచ్చు ఒకేలాంటి ఎర్రకార్లు రెండున్నాయి.

"రెండెందుకు?" అని అడిగాను.

"దీనికేమైనా అయితే అది," అని హెల్మెట్ పెట్టుకున్నాడు.

కారు దూరం నుంచి వచ్చింది. గాల్లోకి లేచింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోది కూడా సగం తిరిగి, బోర్లా పడి ఆగింది. మనుషులు పరిగెత్తారు. డోరు తెరుచుకోలేదు. ఎవరో ఇనుప కడ్డీతో లాగుతున్నారు. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. బొటనవేలి పక్కన ఆకుపచ్చ కుట్టు. ఆ చెయ్యి మెల్లగా ఊగింది.

నేను ఉన్నచోటే కూలబడ్డాను. డైరెక్టరు నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు.

"ఇప్పుడు చెప్పండమ్మా. భయం వేసిందా?"

"పది," అన్నాను. "పదికి పది. ఇంక తీయకండి."

ఆయన తృప్తిగా తలాడించి, తన మనుషుల వైపు తిరిగాడు.

"బాగా వచ్చింది. ఎందుకైనా మంచిది, రెండో కారుతో ఇంకొకటి తీసిపెట్టుకుందాం."