రెండు కొసల ఫోటో

మా జెజియాంగ్ కొండల్లో పొడుగు ఫోటో అంటే ఎవరైనా నా పేరే చెబుతారు. డప్పు కొట్టుకోవడం కాదు. ఒక వంశం మొత్తాన్ని ముక్కలు ముక్కలుగా తీసి, అతుకు ఎవరికీ దొరకకుండా ఒక్క పటంగా కుట్టేది ఇక్కడ నేనొక్కదాన్నే.

అందుకే కొత్త సంవత్సరం పండక్కి పాన్ వారి అవ్వ నన్నే పిలిపించింది. తొంభై దాటిన మనిషి, డొంకతిరుగుడు లేదు.

"అమ్మాయ్ యింగ్, నా ఇద్దరు కొడుకులూ ఒక్క ఫోటోలో పడాలి. అది చూశాక పోయినా ఫర్వాలేదు."

"పోయే సంగతి తర్వాత చూద్దాంలే అవ్వా. ముందు వాళ్లెందుకు పడరో చెప్పు."

తండ్రి సమాధిని ఏ దిక్కుకు తిప్పి కట్టాలన్న దగ్గర చెడిందట. పెద్దవాడు గెన్‌ఫా నది వైపన్నాడు, చిన్నవాడు షుయ్‌షెంగ్ కొండ వైపన్నాడు. అన్న మాటే నెగ్గింది. ఆ ఏడే తమ్ముడి తేయాకు తోట మంచుకు మాడిపోయింది, సమాధి దిక్కు తప్పడం వల్లేనన్నాడు. ఇక చూసుకోండి, ఉప్పూ నిప్పూ. ఒకరు ఫోటోకొస్తే ఇంకొకరు రారు.

ముందు గెన్‌ఫా దగ్గరికి వెళ్లాను.

"వాడి పక్కన నిలబడటం నా వల్ల కాదు" అన్నాడు.

"నిన్నెవరు నిలబడమన్నారన్నా? పటంలో నువ్వు ఎడమ కొస, అతను కుడి కొస. మధ్యలో మీ వంశమంతా."

షుయ్‌షెంగ్‌కూ అదే చెప్పాను. "ఆ మనిషికి ఎంత దూరమైతే అంత మంచిది" అన్నాడు. అంతకంటే దూరం ఆ పటంలో లేదన్నాను. ఒక్క అబద్ధమూ ఆడలేదు.

వంశ మందిరం ముందున్న కళ్లం మధ్యలో కెమెరా నిలబెట్టి, దాని చుట్టూ బెంచీలు వేయించాను. పెద్దల పద్ధతి ప్రకారం అవ్వ మందిరం గుమ్మం ముందు దక్షిణానికి ముఖం పెట్టి కూర్చుంది. ఆమెకు రెండు పక్కలా వరసలు మొదలై, గుండ్రంగా తిరిగి, ఆమెకు సరిగ్గా ఎదురుగా కలిశాయి. కొసల్లో నిలబడటానికొచ్చిన అన్నదమ్ములు పక్కపక్కనే తేలారు.

"ఇదేం మోసం? కొస అన్నావుగా" అన్నాడు గెన్‌ఫా.

"కొసే అన్నా. ఇష్టం లేకపోతే వెళ్లు. మీ అమ్మ మాత్రం ఎదురుగా కూర్చుని నిన్నే చూస్తోంది."

అతను చూశాడు. వెళ్లలేదు. ఇద్దరూ మధ్యలో మూరెడు ఖాళీ వదిలి, చెరో దిక్కుకు తల తిప్పుకున్నారు.

"కెమెరా మీ దగ్గర మొదలై, చుట్టూ తిరిగి మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. ఎవరూ కదలొద్దు. కదిలితే తల ఒకచోట, మొండెం ఒకచోట పడతాయి" అని అందర్నీ బెదిరించాను.

కొంచెం కొంచెం తిప్పుతూ, ప్రతి ఫోటోలో వెనకటి ఫోటో అంచు కాస్త ఉండేలా తీసుకుంటూ పోయాను. ఇంతలో చలిగాలి లేచింది. చుట్టు పూర్తయ్యేసరికి గెన్‌ఫా తన మఫ్లర్ తీసి తమ్ముడి మెడకు చుడుతున్నాడు.

"కదలొద్దన్నారు" అని గొణిగాడు షుయ్‌షెంగ్.

"నోర్మూసుకో. చిన్నప్పట్నుంచీ ఇంతే నువ్వు, చలికి ఒంటి మీద సరిగ్గా కప్పుకోవు."

చుట్టాక చెయ్యి తమ్ముడి భుజం మీదే ఉండిపోయింది. అప్పుడే ఆఖరి ఫోటో నొక్కాను.

ఇంటికొచ్చి కుట్టడానికి కూర్చుంటే, ఆ ఒక్క చోటికి రెండు ఫోటోలున్నాయి. మూరెడు ఖాళీ ఉన్నదాన్ని పారేశాను. మాట మాటే కాబట్టి, పటాన్ని సరిగ్గా ఇద్దరి మధ్యా కోశాను. ఎడమ కొసన గెన్‌ఫా, అతని చెయ్యి అంచు దాటి బయటికి పోతోంది. కుడి కొసన షుయ్‌షెంగ్, అతని భుజం మీద ఎవరిదో చెయ్యి.

పటం అవ్వ దగ్గరికి పట్టుకెళితే గెన్‌ఫా ముఖం చిట్లించాడు. "నా చెయ్యి సగమే ఉందేం?"

"మిగతాది నా మీదుంది" అన్నాడు షుయ్‌షెంగ్, పటంలోంచి తల ఎత్తకుండా.

అవ్వ ఆ కొసా ఈ కొసా మార్చి మార్చి చూసింది. కొడుకులిద్దర్నీ చెరో కొస పట్టుకుని తన చుట్టూ తిప్పమంది. బొమ్మ లోపలి వైపుకి ఉండేలా తిప్పి, ఇద్దరూ ఆమె ముఖానికి ఎదురుగా రెండు అంచులూ కలిపారు. చెయ్యి భుజానికి చేరింది. అవ్వ అక్కడ వేలితో తడిమింది.

"నీ పనిలో అతుకు దొరకదంటారే అమ్మాయ్. ఇదిగో, దొరికింది."

"అదొక్కటీ నేను కుట్టలేదవ్వా. నీ కొడుకులు పట్టుకుంటేనే ఉంటుంది."

అవ్వ ఇక చాలనేదాకా ఇద్దరూ వదల్లేదు.