ఆ చెయ్యి ఏం చేస్తుంది

పెళ్ళయి ఆరు వారాలు. దూడలకి పాలు పట్టడం కూడా నాకు సరదాగానే ఉంది. మా ఆయన లాక్లన్ కొనిచ్చిన పసుపు రబ్బరు బూట్లు వేసుకుని అత్తగారు గ్లెనిస్ వెనకే తిరుగుతూ, దూడ నా వేలు చప్పరిస్తే చిన్నపిల్లలా నవ్వుకునేదాన్ని. ఆ ఉదయం ఆమె కుడిచేతిలోంచి బకెట్టు జారిపోయింది. ఏమైందని అడిగితే ఏదో చెప్పబోయింది. మాట రాలేదు.

గంటలో మా ఊరి చిన్న ఆసుపత్రిలో ఉన్నాం. స్కాన్ తీశాక మెల్‌బోర్న్ డాక్టరమ్మ వీడియో తెరమీదకి వచ్చింది.

"మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోయింది. ఆవిడ రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు, రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఇవ్వలేం. గజ్జల్లోంచి సన్నటి గొట్టం పంపి గడ్డని లాగాలి. పెద్ద నాళమైతే ఆలోచించేదాన్ని కాదు. ఇది మధ్యరకం కొమ్మ. అంతదూరం వెళ్తే రక్తస్రావం కావచ్చు, లాభం గట్టిగా చెప్పలేను. అందుకే అడుగుతున్నా. ఆ చెయ్యి, ఆ మాట పోతే ఆవిడకి ఏం పోతుంది? ఏం పని చేస్తారు?"

"పెద్దగా ఏమీ లేదు డాక్టర్," అన్నాడు మామగారు డెస్. "ఇంటిపట్టునే ఉంటుంది. మాకు కాస్త చేదోడు. ఇక మాటంటారా, కొంచెం తగ్గినా మాకు హాయే."

లాక్లన్ నవ్వి తలూపాడు. రోజూ నాకు మంచం దగ్గరికే టీ తెచ్చిచ్చే నా లాక్లన్. మంచం మీద గ్లెనిస్ అంతా వింటోంది.

"నూట ఎనభై ఆవులకి రెండుపూటలా పాలు పిండే మిషను తగిలించేది ఆ చెయ్యే," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఈనేటప్పుడు అడ్డం తిరిగిన దూడని కడుపులోనే సరిచేసి లాగేది కూడా. పాల లారీవాడితో, పశువుల డాక్టరుతో మాట్లాడేది ఆవిడే. డెస్ అసలు ఫోనే ఎత్తడు."

"ఊరుకోమ్మా," అన్నాడు డెస్.

"ఆవిణ్ణి ఎవరైనా అడిగారా?" అంది డాక్టరమ్మ.

నేను వంగి అడిగాను. గ్లెనిస్ ఎడమచేత్తో నా చొక్కా గట్టిగా పట్టుకుని తలూపింది, రెండుసార్లు.

"పంపించండి. హెలికాప్టర్‌కి చెప్తాను. తోడు ఒక్కరే రావాలి," అంది డాక్టరమ్మ.

హెలికాప్టర్ దిగాక నడవాలో లాక్లన్ నా నుదుటిమీద ముద్దుపెట్టాడు. "నాన్న పరువు తీశావు. పోనీలే, అమ్మ పనులన్నీ నీకు వచ్చేశాయిగా. సాయంత్రం పాలు నువ్వు చూసుకో, బంగారం."

"తోడు నేనే వెళ్తున్నాను."

"మరి ఆవులకి పాలెవరు పిండుతారు?"

ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఎవరికీ అడగాల్సిన అవసరం రాని ప్రశ్న అది. నేను గ్లెనిస్ వెంట హెలికాప్టర్ వైపు నడిచాను.