తీగకు గుచ్చిన కప్పులు

కప్పు అంచున తెల్లటి పోగు.

దారమంత. దారం కన్నా సన్నం. తడిగా, చల్లగా...

తిమ్మమ్మ వేలితో తాకింది. వేలు తీసేసింది. మళ్లీ తాకింది.

వేరా? బూజా?

పందిరి కింద మూడు వందల కానుగ మొక్కలు. మూడు వందల కప్పులు. మట్టి రంగువి, అట్టలా గరుకైనవి. కొన్నింటి ఒంటినిండా ఈ తెల్ల పోగులు. నిన్న లేవు. ఇవాళ ఉన్నాయి.

బూజే అనుకుంది. తడిగుడ్డ తెచ్చి తుడిచింది.

తుడిచాక, వేరేమో అనుకుంది.

ఆ ఏడు బండ్రి ఊరి దారి నిండా లారీలే. ఇనుప రాయికని కొండను తవ్వి చైనాకు పంపుతున్నారని చెప్పుకునేవాళ్లు. కొండలో పనికొచ్చేది చైనాకు. పనికిరానిది తిమ్మమ్మ చేను నెత్తిన.

పై రెండెకరాలూ మట్టి పోసుకోవడానికి మైనువాళ్లకు ఇచ్చింది ఆమె మొగుడు నారపే. వాళ్లు పోశారు. పోస్తూనే ఉన్నారు. అదొక గుట్టయింది. నిరుడు వానకు ఆ గుట్ట కరిగి కింది జొన్నచేలోకి దిగింది. చీలమండ మునిగేంత ఎర్ర బురద. ఒక్క గింజ తలెత్తలేదు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల — అని ఆమె మొగుడితో అనలేదు. అంటే మాత్రం వింటాడా ఆ మహానుభావుడు!

కానీ ఆయన ఒక మాట అన్నాడు.

"ఇంగొక్క ఏడు చూస్తా. గుట్ట మీద నీ చెట్లు దసరాకు నిలబడింటే చేను నీది. లేదంటే లారీలు నిలుపుకునేదానికి ఇచ్చేస్తా."

కింది ఎకరన్నర. కాపురానికొచ్చిన ఏడు తన చేత్తో విత్తిన చేను. దాని మీద లారీ టైర్లు తిరగడం తలుచుకుంటే తిమ్మమ్మకు అన్నం సయించదు.

వేర్లు గుట్టను పట్టి నిలుపుతాయని నిరుడూ నాటించింది. నల్ల ప్లాస్టిక్ సంచుల్లో పెంచిన మొక్కలు. నెల తిరక్కుండా ఎండిపోయాయి. ఒకదాన్ని తవ్వి చూసింది.

సంచి అట్లాగే ఉంది.

చింపకుండానే పాతేశారు. బయటికి దారి లేక వేర్లు తమను తామే చుట్టుకుని ఉన్నాయి. వాటిని ఒళ్లో పెట్టుకుని తిమ్మమ్మ గుట్ట మీదే కూర్చుని ఏడ్చింది.

ఆ వరస కూలికొచ్చిన ఉచ్చెంగెప్పది. "తీసినానమ్మా, దేవుడి మీద ఆన" అన్న ఉచ్చెంగెప్పది.

ఆ రోజు పెట్టింది రివాజు. నాటినవాళ్లు చింపిన సంచులు ఇనుప తీగకు గుచ్చి తేవాలి. ఆమె చూడాలి. సంచి కనిపిస్తేనే మొక్క నాటినట్టు.

మళ్లీ నాటించింది. అప్పటికి వానలు వెళ్లిపోయాయి. అవీ పోయాయి.

సంచులు మాత్రం పోలేదు. ఆ తీగ ఇంకా వసారా మేకుకు వేలాడుతోంది. గాలి వస్తే గలగలమంటుంది — చెట్లు లేవు, సంచులున్నాయి.

ఈ ఏడు కప్పులు తెచ్చింది అనుపమ. తిమ్మమ్మ తమ్ముడి కూతురు. బళ్లారి గాంధీనగర్‌లో ఉండి వ్యవసాయం చదువుతోంది.

"కట్టెపీచుతో చేసిండారత్తా. ప్లాస్టిక్ కాదు. నాటేటప్పుడు తీయొద్దు. కప్పుతోనే గుంతలో పెట్టేయ్."

"అడుగుండాది కదే! వేరు యాడ నుంచి వస్తాది?"

"దాంట్లో నుంచే వస్తాది. కప్పు మట్టిలో కలిసిపోతాది. నువ్వు సుమ్నె, ఊరికే పెట్టత్తా, వేరుకు తెలుసు."

వేరుకు తెలుసు.

తిమ్మమ్మకు తెలియదు.

చెట్టును దంచి కప్పు చేస్తారట. ఆ కప్పులో చెట్టును పెంచుతారట. ఆ చెట్టు ఆ కప్పునే తినేస్తుందట. కొత్తొక వింత... పిల్ల చెప్పిందంటే అబద్ధం కాదు. నిరుడు తవ్వి తన కళ్లతో చూసింది, అదీ అబద్ధం కాదు. రెండు నిజాల మధ్య ఆమె నీళ్లు పోస్తూ వచ్చింది. నెలలు గడిచాయి.

ఆ తర్వాత తెల్ల పోగులు. తుడిచేకొద్దీ మళ్లీ వచ్చాయి.

నాటే రోజు పొద్దున్నే మబ్బు పట్టింది. కూలికి కరియమ్మ వచ్చింది, ఉచ్చెంగెప్ప వచ్చాడు, ఇంకా నలుగురు వచ్చారు. నిరుటి సిగ్గుతో ఉచ్చెంగెప్ప అందరికన్నా వెనక నిలబడ్డాడు.

కరియమ్మ ఒక కప్పు ఎత్తి చూసింది.

"ఇది తీయల్నా వద్దామ్మా?"

తిమ్మమ్మ కప్పు అందుకుని అటూ ఇటూ తిప్పింది.

"బూజు పట్టుండాది చూడు. బూజుతో పూడిస్తే మొక్క బతుకుతాదా?"

అనుపమకు ఫోన్ చేయాలనుకుంది. ఫోన్ నారప జేబులోనే ఉంది. నారప అరుగు మీదే ఉన్నాడు. పది అడుగులు.

వేయలేదు. ఎందుకు వేయలేదో ఆమెకే తెలియదు.

గాలి వచ్చింది. వసారాలో నల్ల సంచులు గలగలమన్నాయి.

"తీసేయండి" అంది. "గుచ్చి తెచ్చి చూపించండి."

అన్నది తన గొంతేనా? తన గొంతే.

మధ్యాహ్నానికి దిగి వచ్చారు. కరియమ్మ తీగ ముందుకు పట్టుకుని నవ్వుతూ వచ్చింది. చీలిన కప్పులు, ఒకదాని వెనక ఒకటి. ఒక్కటీ తప్పలేదు. ఎంత బుద్ధిగా చేశారో!

తిమ్మమ్మ తీగ అందుకుంది.

కప్పు లోపల తెల్ల పోగులు. కప్పు బయట తెల్ల పోగులు. అటు నుంచి ఇటు దూరి వచ్చినవి. తెగినవి.

ఒకదాన్ని గోటితో పట్టి లాగింది. బూజైతే నలిగిపోవాలి. ఇది సాగింది. సాగి... టప్పున తెగింది.

వాసన చూసింది. పచ్చి వాసన.

"ఏమైందమ్మా? తీయమంటివి గదా?"

అవును, తనే తీయమంది. ఎవరిని తిట్టాలి? చేతులు కాలాక ఇక ఏ ఆకులు పట్టుకోవాలి? తడిగుడ్డతో తుడిచిన పొద్దులన్నీ గుర్తొచ్చాయి.

చివరగా ఉచ్చెంగెప్ప వచ్చాడు. చేతిలో తీగ ఉంది. తీగకు ఏమీ లేదు.

"నీవి యాడప్పా?"

అతను నేల చూశాడు.

"తీయలేదమ్మా."

"యాభై మొక్కలు?"

"యాభై. పట్టి లాగితే రాలేదు. లోపల నుంచి ఎవరో గట్టిగా పట్టుకోనుండారు అనిపిచ్చె. చేయి ఆడలేదు. కప్పుతోనే పెట్టేస్తి." ఖాళీ తీగ ముందుకు చాపాడు. "తిడితే తిట్టు."

నిరుడు తీశానని అబద్ధమాడిన నోరు. ఈ ఏడు తీయలేదంటోంది.

నిజమైతే యాభై బతుకుతాయి. కానీ నమ్మడం ఎట్లా? చూపించడానికి అతని దగ్గర ఏమీ లేదు.

తిమ్మమ్మ గుట్ట ఎక్కింది. చివరి వరసలో కూర్చుంది. యాభై మొక్కలూ ఉన్నాయి. పై వరసల్లో మొక్కలు అప్పుడే ఆకులు వాల్చాయి. ఇవి... ఇవీ కొంచెం వాల్చాయా? వాల్చలేదా? కిందికి చూస్తే జొన్నచేను. నారప అరుగు. దారి మీద లారీలు.

మొదటి మొక్క మొదట్లో మట్టి మీద చేయి పెట్టింది. జానెడు తవ్వితే చాలు. కప్పు ఉందో లేదో తెలిసిపోతుంది.

తవ్వితే తెలుస్తుంది.

తవ్వితే తెగుతుంది.

వేళ్లు మట్టిలోకి దిగాయి. ఒక కణుపు. రెండు కణుపులు. అక్కడ ఆగాయి.

ఒక చినుకు పడింది. ఇంకొకటి.

చేయి వెనక్కు తీసుకుంది. గుంత పూడ్చి, అరచేత్తో మెల్లగా అదిమింది.

తడుస్తూ ఇంటికి వచ్చేసరికి అరుగు మీద నుంచి నారప అడిగాడు.

"ఏమే, నిలబడతాయా?"

వాకిట్లో కరియమ్మ తగిలించిపోయిన తీగ నానుతోంది. కప్పులు మెత్తబడ్డాయి. తీగకు కోసుకుని ఒక్కొక్కటే కిందికి జారుతున్నాయి. కాసేపటికి తీగకు ఏమీ మిగల్లేదు. ఇప్పుడది ఉచ్చెంగెప్ప తీగలాగే ఉంది.

వసారాలో నిరుటి సంచులు గలగలమంటూనే ఉన్నాయి.

గుట్ట మీద మూడు వందల మొక్కలు. వానలో అన్నీ ఒక్కలాగే ఊగుతున్నాయి. ఏవి పట్టుకున్నాయో, ఏవి వదిలేశాయో...

తిమ్మమ్మ గుప్పిట విప్పింది. గోరు సందులో ఇరుక్కుని వచ్చింది — తెల్లటి పోగు. తీగ మీది కప్పుదా? చివరి వరస మట్టిలోదా?

దారమంత. దారం కన్నా సన్నం.

తడిగా, చల్లగా...