చెరిపేసిన నీటి మరక

నీళ్లు తీశాక మా వీధివాళ్లు చేసిన మొదటి పని గోడలు కడిగి సున్నం వేసుకోవడం. వరద మమ్మల్ని సగమే ముంచింది. మిగతా సగం ఆ సున్నం ముంచింది.

మా వీధి అంటున్నాను గాని అది మా అత్తయ్యవాళ్ల వీధి. మాది పల్లెటూరు. అక్కడి బడిలో చదువు అయిపోయాక, పై చదువు కోసం నాన్న నన్ను నగరంలో తన అక్క ఇంట్లో దింపి వెళ్లాడు. ఆ వీధిలో అందరూ ఇళ్లకు రంగులు వేసేవాళ్లే. ప్రతి గుమ్మం పక్కనా ఒక నిచ్చెన, కిటికీ కమ్మీలకు వేలాడే కుంచెలు, అంచుల వెంట రంగు గడ్డకట్టిన బకెట్లు. ఎవరి మోచేతులు చూసినా వాళ్లు నిన్న ఏ రంగు వేసి వచ్చారో చెప్పేయొచ్చు. మా ఇంట్లో మామయ్యది పైకప్పుల పని, అత్తయ్యది గోడల పని.

"మీ మామయ్య జీవితమంతా పైకి చూస్తూనే బతికాడే కోడలు పిల్లా. అందుకే ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఆయనకు తెలీదు" అంటుంది అత్తయ్య.

నది ఊళ్లోకి వచ్చిన రోజు మేమంతా ఆ నిచ్చెనలు ఎక్కి డాబాల మీదికి చేరాం. పక్క వీధులవాళ్లను కూడా ఆ నిచ్చెనల మీదే పైకి లాగారు. మా చుట్టుపక్కల ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత జరిగిన ఏ సభలోనూ దీన్ని ఎవరూ చెప్పలేదు.

నీళ్లు పోయాక ఇంట్లోకి దిగి చూస్తే మంచం లేదు, పొయ్యి లేదు, నా పుస్తకాలు బురద ముద్దలు. అత్తయ్య వేటికీ ఏడవలేదు. గోడ చూసి మాత్రం "ఛీ" అంది. తలుపు గొళ్లేనికి కొంచెం పైన, నా ఛాతీ ఎత్తులో, ఎవరో తాడు పట్టి గీసినట్టు, ఇంటి చుట్టూ ఒక గోధుమరంగు గీత. వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ప్రతి గోడ మీదా అదే గీత.

"రంగులవాళ్ల వీధి ఇలా ఉంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు? తమ గోడకే దిక్కు లేదు, వీళ్లకేం పనిస్తాం అనుకోరూ?"

"పడుకోవడానికి మంచం లేదే, ముందు గోడ కావాల్సొచ్చిందా నీకు?" అన్నాడు మామయ్య.

"మంచం లోపలుంటుంది. గోడ బయటుంటుంది."

ఆ మాట మామయ్యకూ నచ్చినట్టుంది. వెళ్లి బకెట్ కడుక్కున్నాడు. ఆ వీధిలో అందరి బుద్ధీ ఒకటే. మరకను చూస్తూ అన్నం తినలేరు. ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే వీధి మొత్తం గోడలు గీకి, కడిగి, అప్పటికీ పోని మరక మీద సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి రెండు పూతలు వేసుకున్నారు. నిచ్చెన తాత తన అరుగు మీద కూర్చుని చూసి మురిసిపోయాడు. ఆయన ఇప్పుడు నిచ్చెన ఎక్కలేడు. అయినా ఎక్కడికెళ్లినా చిన్న నిచ్చెనొకటి భుజాన వేసుకునే వెళ్తాడు కాబట్టి ఆ పేరు.

"కళ్లు జిగేల్‌మంటున్నాయిరా! ఇంకో పెళ్లి చేసుకోవాలనిపిస్తోంది నాకు" అన్నాడు.

"ముందు పిల్లను నిచ్చెనెక్కి వెతుక్కో తాతా" అంది అత్తయ్య.

అదే వారంలో నగర కార్యాలయం నుంచి పిలుపొచ్చింది. పెద్దవాళ్లెవరో చూడ్డానికి వస్తున్నారట. సభా భవనం, నది ఒడ్డు రోడ్డులోని పెద్ద ఇళ్లు వెంటనే తెల్లగా కావాలట. "ఎక్కడా మరక కనపడకూడదు" అని మరీ మరీ చెప్పి పంపారు. కాలేజీ తెరవలేదు కాబట్టి నేనూ వెళ్లి నిచ్చెన పట్టుకున్నాను. సభా భవనంలో గీత కరెంటు స్విచ్‌లకు కూడా పైన ఉంది. అత్తయ్య దాని కింద నిలబడి చెయ్యెత్తి అందుకుని చూసింది.

"అమ్మో, ఇక్కడ మనకంటే పైకొచ్చాయి నీళ్లు."

"నదికి ఆనుకునే కట్టారుగా మరి. కిటికీలోంచి అందంగా కనపడాలని" అన్నాడు మామయ్య.

మేం ఆ గీతను కూడా చెరిపేశాం. నది రోడ్డు ఇళ్లలోని గీతలన్నీ చెరిపేశాం. అత్తయ్య సంతోషంగా వేసింది ఆ రంగు. ఊరికి మళ్లీ మొహం కడుగుతున్నాం అంది.

తర్వాత మా వీధిలోకి నగర కార్యాలయం తరఫున ఒక ఇంజనీరు వచ్చింది. నెత్తిన పచ్చ టోపీ, చేతిలో కొలత టేపు. చిన్న వయసే. నిచ్చెన తాత ఆమెకు అప్పటికప్పుడు టేపమ్మ అని పేరు పెట్టేశాడు. ఆమె ఒక గోడ చూసింది, రెండో గోడ చూసింది, వీధి పొడవునా చూసింది.

"ఇక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయండీ?"

"ఎక్కడైనా కనపడుతోందేమో చూడండమ్మా!" అంది అత్తయ్య. మెచ్చుకుంటుందని ఎదురు చూస్తున్న మొహం అది. నేనెప్పటికీ మర్చిపోను.

"కొలవడానికే వచ్చానండీ. గీత ఏది?"

"చెరిపేశాం."

"ఎందుకు చెరిపేశారు?"

మరక ఎందుకు చెరుపుతారని రంగులవాళ్లను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. గొళ్లెం దాకా వచ్చాయని మామయ్య చూపించబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. నోటిమాట రాసుకోవడానికి వీల్లేదట, గీత ఉండాలట.

మర్నాడు బండి మీద మైకు పెట్టి చెప్పుకుంటూ పోయారు. నీళ్లు తక్కువగా వచ్చిన చోట ఇళ్లు బాగుచేస్తారు. మనిషి తల మునిగేంత వచ్చిన చోట ఇళ్లు కూల్చి, నది పొంగితే నిండడానికి ఖాళీగా వదిలేస్తారు. గీత చెరిపేసిన వీధులు లోతును దాచినట్టే లెక్క. అక్కడ కూడా కూల్చివేతే. కొత్త ఇళ్లు ఊరి బయట గుట్ట మీద ఇస్తారు. అభ్యంతరాలుంటే సభకు వచ్చి చెప్పుకోవాలి.

ఆ సాయంత్రం మా అరుగు మీద పెద్ద గొడవే అయింది.

"నాకైతే గుట్ట మీదికి పోవడమే మంచిదనిపిస్తోంది. మళ్లీ రానని నది మనకేమైనా మాటిచ్చిందా?" అన్నాడు నిచ్చెన తాత.

"గుట్ట మీద ఎవరింటికి వేస్తావు తాతా రంగు? మేకలకా?" అంది అత్తయ్య.

"నవ్వుతావేంటే. ఆ రోజు నీళ్లు ఇంకో నిలువు పైకొస్తే డాబా కూడా మునిగేది."

అత్తయ్య నవ్వలేదు. "పోవాలంటే పోదాం. కానీ దాచారంటారేంటి? మనమేం దాచాం? దొంగల్లాగా కనపడుతున్నామా?"

నాకు మాట్లాడటం చేతకాదు. ఎదుటి మనిషి నావైపు చూస్తే నా గొంతు లోపలికే పోతుంది. మా బడిలో హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యెత్తేదాన్ని గాని పలికేదాన్ని కాదు. రాసుకోవడమే నాకు తెలిసిన మాట్లాడటం. ఆ సాయంత్రం ఇద్దరి మాటలూ విని ఇలా అనుకున్నాను. తాత చెప్పింది అబద్ధం కాదు. నదికి చోటు కావాలేమో. ఇవ్వాల్సి వస్తే ఇవ్వాలి. కానీ దాని పక్కన ఉన్నవాళ్లందరూ ఇవ్వాలి. ఆ రోజు నది ఎవరింటి తలుపునూ ఎంచి తట్టలేదు.

సభ మేం రంగు వేసిన ఆ భవనంలోనే పెట్టారు. నది రోడ్డువాళ్లు ముందు కుర్చీల్లో కూర్చున్నారు. మాకు వెనక గోడ దగ్గర చోటు దొరికింది. చాలామంది పని నుంచి తిన్నగా వచ్చారు కాబట్టి సామాన్ల సంచులు కాళ్ల దగ్గరే ఉన్నాయి. వేదిక మీద ఊరి పటం. సభ అధ్యక్షుడు లేచి గొంతు సవరించుకున్నాడు.

"మునిగిన ఊరిని మళ్లీ కట్టాలా, వద్దా? ఈ రోజు మన ముందున్న ప్రశ్న ఇదే."

ప్రశ్న బాగానే ఉంది. జవాబు మాత్రం ముందే పటం మీద వేసుకొచ్చారు. మా వీధి ఉండాల్సిన చోట ఆకుపచ్చ రంగు. అక్కడ పార్కు వస్తుందట. నది రోడ్డు, ఈ భవనం ఎక్కడివి అక్కడే ఉన్నాయి. వాటి ముందు మాత్రం నల్లటి మందపాటి గీత. అది కొత్తగా కట్టబోయే అడ్డుగోడ.

"ఆకుపచ్చలో పసుపు ఎక్కువైంది" అని గొణిగాడు మామయ్య. ఆయనకు కోపం వస్తే ఇలాంటివే మాట్లాడతాడు.

"నది రోడ్డు ఎందుకుంచారండీ?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"అక్కడ నీటి ప్రభావం పెద్దగా లేదు. ఎందుకు, ఈ భవనమే చూడండి" అంటూ అధ్యక్షుడు పక్క గోడను అరచేత్తో తట్టాడు. "చెక్కు చెదరలేదు!"

అత్తయ్య లేచి నిలబడింది. "అయ్యా, ఆ గోడ అలా ఉండేట్టు చేసింది మేమేనండీ."

"తెలుసమ్మా, మీ పనితనం తెలియందెవరికి? మరకలు మాయం చెయ్యడంలో మీ తర్వాతే ఎవరైనా!"

ముందు వరుసలన్నీ నవ్వాయి. నది రోడ్డులో మేం కడిగి ఇచ్చిన ఇళ్లవాళ్లు కూడా నవ్వారు. వాళ్లలో ఒకరి పడగ్గది గోడ మీద బురద గీకుతూ అత్తయ్య గోరు విరగ్గొట్టుకుంది. ఆ ఇంటావిడ కూడా నవ్వింది. అత్తయ్య ఇంకేదో చెప్పబోయి కూర్చుండిపోయింది. మా అత్తయ్య సగం మాట మింగడం నేనెప్పుడూ చూడలేదు.

నేను లేచాను. ఎందుకు లేచానో నాకే తెలీదు. హాలంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"చెప్పమ్మా, చెప్పు" అన్నాడు అధ్యక్షుడు.

నోరు తెరిచాను. రాలేదు. ఒక్క అక్షరం కూడా రాలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. "కూర్చోమ్మా, పర్లేదు" అన్నాడాయన చిన్నపిల్లను బుజ్జగించినట్టు. ఆ 'పర్లేదు' నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఏది పర్లేదు? మేం లేకపోయినా పర్లేదా?

వంగి అత్తయ్య సంచిలోంచి గీకే రేకు తీశాను. నా వెనకే ఉన్న గోడ దగ్గరికి వెళ్లాను. గీత ఎక్కడుందో నాకు తెలుసు. అక్కడే కదా నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. స్విచ్‌ల పైన, చెయ్యి చాచితే అందేంత ఎత్తులో రేకు ఆనించి గట్టిగా గీకాను. తెల్లటి పొట్టు నా మొహం మీద, జుట్టులో రాలింది.

"ఏయ్, ఏంటది? ప్రభుత్వ భవనం అది! ఆపండి ఆ పిల్లని!"

ఎవరో రాబోయారు. నిచ్చెన తాత తన నిచ్చెన దారికి అడ్డంగా పెట్టి, "జాగ్రత్త బాబూ, తగులుతుంది" అన్నాడు. మామయ్య నా పక్కకు వచ్చాడు. ఆపడానికేమో అనుకున్నాను. ఆయన ఇంకో రేకు తీసి అవతల నుంచి గీకడం మొదలుపెట్టాడు. ఇద్దరి రేకులూ కలిసే చోట కింద నుంచి గోధుమరంగు బయటపడింది. గీత. చెక్కు చెదరలేదు.

నవ్వులు ఆగిపోయాయి. టేపమ్మ వేదిక పక్క నుంచి దిగి వచ్చి, టేపు కొనను కాలితో నేలకు తొక్కిపట్టి పైకి లాగింది. గీత ఆమె పచ్చ టోపీకి పైన ఉంది.

"సార్, ఇక్కడ మనిషి మునిగేంత వచ్చాయి."

"నిన్నెవరు కొలవమన్నారు?"

"ఎవరూ అనలేదు సార్. రంగులు వేసిన ఆఫీసులూ నది రోడ్డూ కొలవక్కర్లేదన్నారు."

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. అయినా అందరికీ వినపడింది. "అయితే మీరు దాచలేదా?" అని మా వెనక వరుస ఒక్కసారిగా లేచింది. సభ అక్కడితో ఆపేస్తున్నామన్నారు.

మర్నాడు పొద్దున్నే నగర కార్యాలయం మనిషి మా గుమ్మంలో నిలబడ్డాడు. వచ్చే సభ లోపల ఆ గోడకు రంగు వేసెయ్యాలట. చిన్న పనేనట.

అత్తయ్య బయటికొచ్చింది. "మేం మరక చెరిపితే దాచడం. మీరు చెరిపిస్తే శుభ్రమా?"

"నాకెందుకమ్మా అవన్నీ. వస్తారా, రారా?"

"రాం. మా వీధిలో ఎవరూ రారు. పోయి చెప్పు."

నిజంగానే ఎవరూ వెళ్లలేదు. ఆ గీత ఇప్పటికీ అక్కడే ఉంది. దాని ముందు బీరువా ఒకటి పెట్టారట గాని, గీత బీరువా పైన కనపడుతూనే ఉందట. పటం తీసేశారు. నది రోడ్డు కూడా కొలవాలని టేపమ్మ పట్టుబట్టింది. ఊరిని మళ్లీ కట్టాలా, గుట్ట మీదికి వెళ్లాలా అని ఇప్పుడు నది రోడ్డువాళ్లూ గొంతులు చించుకుని అరుచుకుంటున్నారు. అరుచుకోనీ. ఇన్నాళ్లూ ఆ ప్రశ్న మా ఒక్కరి గుమ్మంలోనే ఉండేది.

మా వీధి ఉంటుందో పోతుందో ఇంకా తెలీదు. ఈ రోజు టేపమ్మ మళ్లీ వచ్చింది, సున్నం కింది గీతలు కూడా లెక్కేనని, చూపించమంది. అత్తయ్య తన గోడను అరచేత్తో తడిమి చూసింది. నీలిమందు వేసిన ఆ తెలుపు ఎండకు మెరుస్తోంది.

"ఎంత బాగా కుదిరిందే ఈ పూత" అంది.

"నేను గీకనా అత్తయ్యా?"

"నువ్వొద్దు. హాల్లో ఎంత అడ్డదిడ్డంగా గీకావో చూశాగా, పరువు తీశావు."

రేకు లాక్కుని, అంచు తిన్నగా వచ్చేలా, గొళ్లెం పైన గోడను తనే గీకడం మొదలుపెట్టింది.